ఎదురు తొక్కిన రోజులు

హబ్బుకి ఇంకా 41 రోజులు. నిలబడితే 14 కిలోలు. తొక్కితే 7.

డాక్టర్ మెహరున్నీసా రోజూ ఈ రెండు అంకెలూ రాసి చూపించమంది. ఆవిడకి అంకెలు చాలు, నాకు చాలవు. కాగితం చేతికిస్తే నేను ఆపనని ఆవిడకింకా తెలియదు, పాపం.

అంకెలు మా ఆయన తవిటయ్యవి. భూమ్మీద యాభై ఆరు కిలోలు తూగేవాడట. మా ఊరు ఆకాశంలో తిరిగే ఒక పెద్ద చక్రం. అది తిరిగే వేగమే మాకు బరువు. ఆ వేగానికి కాటా మీద ఆయన పద్నాలుగు కిలోలే చూపిస్తాడు. పద్నాలుగు కిలోలు కూడా ఒక బరువేనా అని ఎవరైనా అడగొచ్చు. ఆయనకి బరువే. ఇరవై రెండేళ్లు హబ్బులో వెల్డింగు చేశాడు. హబ్బంటే చక్రం నడిమధ్య. అక్కడ బరువన్నది లేదు, చెమట చుక్క కూడా కింద పడకుండా ముఖానికే అంటుకుని ఉంటుంది. తిండీ నిద్రా అక్కడే, పెళ్లయ్యాక రాత్రిళ్లు నేనే పైకి వెళ్లేదాన్ని. ఏమీ మొయ్యకుండా ఇరవై రెండేళ్లున్న గుండె చిక్కిపోయింది. అక్కడే ఉండిపోతే ఏ బాధా ఉండేది కాదు. మూడు నెలల కిందట హబ్బు గోడ చీలి గాలంతా పోయింది. తలుపులు మూసేసి అందరినీ కిందికి, చక్రం అంచున ఉన్న రిమ్ముకి దింపేశారు. రిమ్ములో దిగిన రోజు నుంచీ మా ఆయన మంచం మీద కూర్చుని ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"హబ్బు మళ్లీ తెరిచేదాకా ఈ గుండెను ఎలాగోలా నడిపించాలి పైడితల్లీ. పైకి వెళ్లిపోతే ఇక భయం లేదు" అంది డాక్టరమ్మ.

నేను సైకిలు మెకానిక్‌ని. రిమ్ములో ఉన్నది ఒకటే రోడ్డు, చుట్టూ తిరిగొస్తే పదిహేను వందల డెబ్బై మీటర్లు, దాని మీద సైకిళ్లు తప్ప మరేమీ నడవవు. చక్రం తిరిగే వైపే తొక్కితే దాన్ని వాలు అంటాం. రెండో వైపుకి తొక్కితే ఎదురు. వాలుకి తొక్కితే మన వేగం చక్రం వేగానికి కలిసి బరువు పెరుగుతుంది. ఎదురు తొక్కితే వేగం తీసివేతకి పోయి బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే టైరుకి నేల మీద పట్టుండదు. అందుకే ఎదురు తొక్కడం ఇక్కడ నిషేధం. ఆ నిషేధాన్ని కొత్తవాళ్లకి నేర్పి, తప్పిన వాళ్లని నలుగురిలో కడిగేసేది నేనే.

ఇవాళ కమిటీ దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకుని, పొద్దున్న ఆరు గంటలకి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మా ఆయన్ని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఎదురు తొక్కాను. క్యారియర్ కింద స్ప్రింగు కాటా బిగించాను. గంటకి పాతిక కిలోమీటర్ల వేగం అందుకునేసరికి కాటా ముల్లు ఏడు దగ్గరికి జారింది.

"ఓలమ్మ! ఏటే పైడీ ఇది? గుండె మీద కూకున్నోడెవడో లేసి పక్కకి జరిగినట్టున్నాది" అన్నాడు.

"మాటాడకు మావా. ఊపిరి దాసుకో" అన్నాను.

మూడు నెలల తరవాత ఆయన గొంతులో నవ్వు విన్నాను. ఒక గంట తొక్కాను. రేపూ తొక్కుతాను.

హబ్బుకి ఇంకా 38 రోజులు. 14. 7.

గంటసేపు బరువు తగ్గితే ఆ రోజంతా కాస్త తేలిగ్గా ఉంటున్నాడు. అన్నం తింటున్నాడు. పప్పులో ఉప్పెక్కువైందని నా మీద విరుచుకుపడ్డాడు కూడా. విరుచుకుపడే ఓపిక వచ్చిందని ఎంత సంబరపడ్డానో ఆ మనిషికి చెప్పలేదు, చెబితే రోజూ ఉప్పు మీద పడతాడు.

"నాను ఊరికే కూకున్నాను, నీకెందుకే అంత సెమట?" అని అడిగాడు దిగాక.

"గాలిని కొయ్యొద్దేటి? నువ్వు నా ఈపు ఎనకాల దాక్కుంటావు, నీ వాటా గాలి కూడా నానే కోస్తన్నాను."

నిజానికి ఎదురు తొక్కడంలో విచిత్రం అదే. టైరు నేలకి ఆనినట్టే ఉండదు, రాపిడి బాగా తగ్గిపోతుంది. ఇంకెంతో సులువుగా పోవాలి. కానీ రిమ్ములో గాలి కూడా నేలతో పాటే తిరుగుతుంది, ఆ గాలి మాత్రం ఏమీ తగ్గదు. మనం ఎంత తేలికైనా దానికి పట్టదు.

హబ్బుకి ఇంకా 33 రోజులు. 14. 6.

నిన్న సాయంత్రం పెదాలు నీలంగా కనిపించాయి. డాక్టరమ్మ నాడి చూసి, "ఏడు సరిపోవడం లేదు" అంది. సరే, ముప్ఫై వేగానికి వెళ్లాను. ఆరు వచ్చింది.

పాతిక నుంచి ముప్ఫైకి ఐదే తేడా, వినడానికి ఏముంది? కాళ్లని అడగాలి. వేగం రెండింతలైతే గాలి నాలుగింతలు అడ్డుకుంటుందని కొత్తవాళ్లకి పాఠం చెప్పేటప్పుడు పలక మీద గీత గీసి చూపిస్తాను. ఆ గీత ఇప్పుడు నా తొడల్లో నొప్పి పెడుతోంది. ముందు పళ్లచక్రం పెద్దది వేశాను. పాత డ్రమ్ము మూత ఒకటి వంచి హ్యాండిల్ ముందు కట్టాను. చూసినవాళ్లు నవ్వారు. నవ్వుకోనీ.

హబ్బుకి ఇంకా 27 రోజులు. 14. 6.

చంద్రుడి గనుల నుంచి పదకొండు మంది కొత్తగా దిగారు, ఇవాళ వాళ్లకి సైకిలు తరగతి. కుడికి తిరగాలంటే ముందు హ్యాండిల్ కాస్త ఎడమకి నెట్టాలి, అప్పుడు సైకిలు దానంతటదే కుడికి వాలుతుంది, ఆ వాలుతోనే తిరగాలి అని చెబితే ఒక్కడూ నమ్మడు. పడ్డాక నమ్ముతారు.

చివర్లో గంట పాఠం చెప్పాను. చక్రానికి ఎక్కడైనా కుదుపు రాబోతుంటే గంట మోగుతుంది. మోగగానే రోడ్డు మీదున్న ప్రతి సైకిలూ, ఎటు పోతున్నా సరే, వాలుకి తిరిగి బలంగా తొక్కాలి. బరువు పెరిగితే టైరు నేలని పట్టుకుంటుంది, కుదుపుని తట్టుకుంటుంది. రెండో గంట దాకా ఆగకూడదు. రెండేళ్ల కిందట ఒకడు కుర్ర ఉత్సాహంతో ఎదురు తొక్కుతూ, గంట మోగినా తిరగకుండా ఆలోచిస్తూ ఉండిపోయాడు. కుదుపుకి లేచి గోడకి కొట్టుకున్నాడు. ఆ గోడని కడిగిన వాళ్లలో నేనొకదాన్ని.

"గంట మోగితే ఆలోచించకూడదు. ఆలోచన వచ్చేలోపు చేతులే తిప్పెయ్యాలి" అని, పదకొండు మంది చేతా నలభై సార్లు తిప్పించాను. పద్దెనిమిదేళ్లుగా నేనూ అలాగే తిప్పుతున్నాను.

హబ్బుకి ఇంకా 24 రోజులు. 14. 6.

గౌరినాయుడు వచ్చాడు. హబ్బు మరమ్మతుకి మేస్త్రీ అతనే. మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు, నన్ను అక్క వరసలో అప్పా అని, ఆయన్ని బావా అని పిలుస్తాడు. చీలిక అతుకు మళ్లీ మళ్లీ విచ్చుకుంటోందట.

"బయటి నుంచి మొదలెట్టేవేటి?" అన్నాడు మా ఆయన, కళ్లు మూసుకునే.

"అవును బావా."

"లోపల్నుంచి మొదలెట్టు. జానెడు ఏసి సల్లారనీ. తొందరపడకు."

"నీకోసం తొందరపడకపోతే ఎవలికోసం పడతాను బావా?" అన్నాడు గౌరినాయుడు. తలుపు దగ్గర ఆగి ఆయన వైపు చూశాడు. ఆ కళ్లు చూసి నాకు కోపం వచ్చింది. బతికున్న మనిషిని అలా చూడకూడదు.

ఇవాళ బ్రేకు వేస్తే వెనక చక్రం జారింది. ఆ బరువుకి పట్టెక్కడిది? పూర్తిగా ఆగేసరికి యాభై మీటర్లు పోయాం. మా ఆయన నా నడుం పట్టుకుని, "బాగున్నాది, ఇంకోపాలి జార్చు" అన్నాడు. ఇంటికొచ్చాక వెనక టైరు కొత్తది వేశాను.

హబ్బుకి ఇంకా 19 రోజులు. 14. 5.

ముప్ఫై ఆరు వేగం. ఐదు కిలోలు!

చక్రం మాకు ఇచ్చిన బరువులో మూడో వంతు. ఇంతకు మించి వేగం నా వల్ల కాదు, టైరు వల్లా కాదు. మొదటి చుట్టులో మా ఆయన, "హబ్బులో ఉన్నట్టే ఉన్నాదే" అన్నాడు. రెండో చుట్టులో నా వీపుకి చెంప ఆనించి నిద్రపోయాడు. మంచం మీద పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునే మనిషి. గురక కూడా పెట్టాడు. పెళ్లయిన పదహారేళ్లలో ఆ గురక మీద నేనెంత గొడవ చేశానో! ఇవాళ అది వినడం కోసం ఒక చుట్టు ఎక్కువ తొక్కాను. కాళ్లు ఊడిపోయినా సరే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

హబ్బుకి ఇంకా 15 రోజులు. 14. 5.

ఒక గంట చాలడం లేదు. పొద్దున్న ఐదుకే మొదలుపెట్టి రెండు గంటలు తొక్కుతున్నాను. ఇంట్లోంచి తిన్నగా రోడ్డెక్కుతున్నాను, దారిలో ఎవరితోనూ మాటల్లేవు, కమిటీ బోర్డు వైపు కూడా వెళ్లడం లేదు.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి నా నాడి చూసింది. "నువ్వు పడిపోతే అతన్ని ఎవరు తిప్పుతారు?" అంది. నేను పడిపోనన్నాను. "పదిహేను రోజులు పైడితల్లీ. గట్టెక్కుతాం" అంది. ఆవిడ ఎప్పుడూ ఉత్తినే ధైర్యం చెప్పదు.

నాకు భయంగా ఉంది. ఇక్కడ రాస్తున్నాను, ఇంకెక్కడా అనను. ఈ మనిషి లేకుండా నాకు బతకడం చేతకాదు.

హబ్బుకి ఇంకా 12 రోజులు. 14. 5. 28.

ఇవాళ ఏమీ రాయలేను.

మర్నాడు.

రాయాలి. డాక్టరమ్మ కాగితంలో "గుండె బలహీనత వల్ల సహజ మరణం" అని రాసింది. ఆవిడ మంచిది. కానీ కాటాలో రెండో ముల్లు ఉంది, అన్నిటికన్నా పెద్ద బరువు దగ్గర ఆగిపోయి ఉండేది. అది ఇరవై ఎనిమిది దగ్గర ఉంది.

నిన్న పొద్దున్న ఐదున్నరకి పదకొండో చుట్టులో ఉన్నాం. ముప్ఫై ఆరు వేగం, ఐదు కిలోలు. ఆయన మెలకువగానే ఉన్నాడు. హబ్బుకి వెళ్లాక మొదట ఏం చేస్తాడో చెబుతున్నాడు. కాళ్లు రెండూ ముడుచుకుని గాలిలో పడుకుంటాడట, నేను వారానికోసారి వచ్చి చూసిపోవాలట. "వారానికోసారేటి, రోజూ వస్తాను" అన్నాను.

గంట మోగింది.

నా చేతులే తిప్పాయి. బ్రేకు వేసి, వేగం తగ్గించి, ఎడమకి నెట్టి కుడికి వాల్చి, రోడ్డు వెడల్పంతా వాడుకుని వాలుకి తిరిగాను. ఎంత చక్కగా తిరిగానో! పద్దెనిమిదేళ్లు నేర్పిన పాఠం కదా. తిరిగి బలంగా తొక్కాను. బరువు పెరగడం నా భుజాల్లో తెలిసింది. టైరు నేలని పట్టుకుంది. హమ్మయ్య, పట్టు దొరికింది, బతికాం అనుకున్నాను. ఆ మాట నా మనసులో అనుకున్నాను.

కుదుపు వచ్చింది. సైకిలు కదల్లేదు. నేను ఇంకా గట్టిగా తొక్కాను. ముప్ఫై దాటాను, ముప్ఫై ఆరుకి చేరాను. నా వీపు మీద ఆయన తల బరువుగా ఆనింది. భయపడి గట్టిగా పట్టుకున్నాడనుకున్నాను.

"అయిపోనాది మావా, రెండో గంటే తరవాయి" అన్నాను.

ఆయన పలకలేదు. నా నడుం చుట్టూ ఉన్న చేతులు జారిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, నా వెనక ఎవరున్నారో.

ఐదు కిలోలు మోసే గుండె మీద ఇరవై ఎనిమిది కిలోలు పెట్టాను. పద్నాలుగే మొయ్యలేని గుండె మీద. ఆగిపోయి ఉంటే సరిపోయేది. రోడ్డు పక్కన సైకిలు పడేసి ఆయన్ని పట్టుకుని పడుకుని ఉంటే సరిపోయేది, గోడకి కొట్టుకున్నా నేను కొట్టుకునేదాన్ని. ఆలోచిస్తే అర నిమిషం కూడా పట్టదు. ఆలోచించకూడదని అందరికీ నేర్పింది నేను.

దించి రోడ్డు మీద పడుకోబెట్టాను. డాక్టరమ్మ వచ్చేదాకా గుండె మీద నొక్కుతూనే ఉన్నాను. రెండో గంట ఎప్పుడు మోగిందో తెలియదు.

హబ్బు తెరిచారు.

ఇక్కడ పోయినవాళ్లని హబ్బు ద్వారంలోంచి బయటికి సాగనంపుతారు. ఎవరు పంపాలన్నది ఒకటే ఆచారం, దగ్గరి మనిషి తన చేత్తో పంపాలి.

పైకి వెళ్లే దారిని మేం పుల్ల అంటాం, సైకిలు చక్రానికి ఉన్నట్టే. రెండు వందల యాభై మీటర్ల నిలువు నిచ్చెన. లిఫ్టు ఇంకా పరీక్ష కాలేదు. ఆయన్ని నలుగురూ మోస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. వీపుకి పట్టీలతో కట్టుకుని ఎక్కాను. కింద పద్నాలుగు కిలోలు. ఎక్కేకొద్దీ తగ్గుతూ, సగం దూరంలో ఏడు, ఇంకా పైన మూడు, ఒకటి. నేను ముప్ఫై రోజులు గాలితో కొట్లాడి తగ్గించిన బరువు అక్కడ ఊరికే తగ్గిపోయింది. నిచ్చెన మీదే ఏడ్చాను. పైకి పోయేకొద్దీ కన్నీళ్లు జారవు, కళ్లకే అంటుకుంటాయి. చేత్తో తుడుచుకోవాల్సి వచ్చింది.

పైన గౌరినాయుడు ఒక్కడే ఉన్నాడు. మూడు రోజులుగా నిద్రపోయినట్టు లేదు.

"అప్పా, గంట నానే కొట్టించేను" అన్నాడు. "బావ సెప్పినట్టు లోపల్నుంచి అతుకేస్తే ఒక్కపాలే కుదిరిపోనాది. పన్నెండు రోజులు ముందే పని అయిపోనాది. హబ్బుని బిగించినప్పుడు కుదుపొస్తాది గదా, అందుకే గంట. మీకు ముందు సెప్పకుండా, సాయంత్రం వొచ్చి బావని ఎత్తుకుని తెచ్చేద్దామనుకున్నాను. బావ మొకం సూద్దామని. ముందురోజే బోర్డు మీద గంట సంగతి రాయించేను. నువ్వు సూసుంటావనుకున్నాను."

"నాను సూడలేదు" అన్నాను.

"ఇంటికొచ్చి సెప్పాల్సింది. నాదే తప్పు అప్పా."

"వాలుకి తిప్పింది నాను. నీకేటి సంబంధం?"

అతను నాదే అంటాడు, నేను నాదే అంటాను. కాసేపు పోట్లాడుకున్నాం కూడా. ఆ తప్పులో చిటికెడు కూడా అతనికి ఇవ్వబుద్ధి కాలేదు.

పట్టీలు విప్పాను. అతుకు వేసిన గోడ పక్కనే ద్వారం లోపలి తలుపు తెరుచుకుని ఉంది, బయటి తలుపు ఆయన లోపలికి వెళ్లి ఇది మూశాకే తెరుస్తారు. మా ఆయన్ని ముందుకి తెచ్చి చెయ్యి పట్టుకున్నాను. బరువు లేదు. ముఖంలో ఆ నీలం తగ్గి, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఎంతసేపు అలా పట్టుకున్నానో తెలియదు.

"ఒగ్గెయ్యి అప్పా" అన్నాడు గౌరినాయుడు మెల్లగా.

వదిలేశాను. వదిలేస్తే వెళ్లిపోతాడనుకున్నాను.

ఎక్కడికీ పోలేదు. చెయ్యి తీసిన చోటే, నా పక్కనే ఉన్నాడు. కింద రిమ్ములో దేన్ని వదిలినా పడిపోతుంది, జారిపోతుంది, ఎటో అటు పోతుంది. ఇక్కడ లాగేది లేదు, ఆపేది లేదు. ఎవరో ఒకరు తొయ్యకపోతే మా ఆయన ఎప్పటికీ నా పక్కనే ఉండిపోతాడు. నేను ఆయన ముఖం చూస్తూ ఉండిపోయాను. గౌరినాయుడు అటు తిరిగిపోయాడు, అతను ఆ పని చెయ్యడని నాకు తెలుసు, నేను చెయ్యనివ్వను కూడా.

రెండు చేతులూ ఆయన గుండె మీద పెట్టాను.

"ఎల్లిపో మావా" అని తోశాను.

ఆయన ద్వారం వైపు వెళ్లాడు. అంతే తోపు నాకూ తగిలి, నేను వెనక్కి వచ్చేశాను.